ఒకే పేజీలో మూడు క్లచ్‌లు: ఈ ‘గట్టిగా పట్టుకోవడం’ ఎక్కడి నుంచి వచ్చింది?

తెనాలి_అక్షరం

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు కథను తెలుగులోకి తెస్తున్నాను. పల్లెటూరి కథ. ఒకే పేజీలో ‘క్లచ్’ అనే మాట మూడుసార్లు వచ్చి నన్ను ఆపేసింది. మొదట ఒక ముసలామె చలిలో శాలువాను క్లచ్ చేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. తర్వాత ఆమె పెంచుకునే కోడి కింద ‘ఎ క్లచ్ ఆఫ్ ఎగ్స్’ ఉందంటాడు రచయిత. ఆ పేజీ చివర్లో ఆమె కొడుకు ట్రాక్టరు క్లచ్ జారిపోతోందని విసుక్కుంటాడు.

నిఘంటువులో ‘గట్టిగా పట్టుకొను’ అని ఉంది. గ్రిప్‌కూ అదే ఉంది, గ్రాస్ప్‌కూ అదే ఉంది, క్లెంచ్‌కు ‘బిగించు’ అని చేర్చారు, అంతే. ఇవన్నీ నిజంగా ఒకటేనా? ఇంకో సందేహం. ఈ మూడు క్లచ్‌లూ ఒకే మూలం నుంచి వచ్చినవైతే రచయిత కావాలనే వాటిని దగ్గరదగ్గరగా పెట్టాడేమో. అప్పుడు తెలుగులో కూడా ఆ పోలిక వినిపించాలి కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లగొండ_టీచర్

అక్షరం గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తాను. ఈ మాటలన్నిటికీ ఒకటే తెలుగు అర్థం రాయించడం వల్ల పిల్లలు వాటిని కలిపేస్తారు. అందుకే అర్థం రాయించకుండా సందర్భం చెప్తాను.

ఆర్టీసీ బస్సులో నిలబడ్డప్పుడు పైకడ్డీని పట్టుకుంటాం. జారకుండా, స్థిరంగా. అది గ్రిప్. అదే బస్సులో జీతం డబ్బులున్న సంచిని ఒకామె రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చుంటుంది. అది క్లచ్. ఆమె పట్టులో భయముంది, ఎవరైనా లాక్కుంటారేమోనన్న ఆదుర్దా ఉంది. బండి కుదుపుకు పిల్లవాడు తల్లి నడుముకు అతుక్కుపోతాడు. అది క్లింగ్. అక్కడ పట్టుకునేది చెయ్యి ఒక్కటే కాదు, ఒళ్ళంతా. కండక్టరుతో గొడవపడుతూ ఒకాయన పళ్ళు బిగబట్టి పిడికిలి బిగిస్తాడు. అది క్లెంచ్. క్లెంచ్‌లో చేతిలో ఏ వస్తువూ ఉండక్కర్లేదు, మన ఒంటిని మనమే బిగించుకుంటాం. దవడ, పళ్ళు, పిడికిలి, వీటికే ఎక్కువగా వాడతారు.

గ్రాస్ప్ కొంచెం వేరు. చెయ్యి చాచి అందుకుని పట్టుకోవడం. అందుకే పాఠం అర్థం చేసుకున్నప్పుడు కూడా గ్రాస్ప్ అంటారు. క్లచ్‌ని ఎవరూ పాఠానికి వాడరు. ‘ఐ క్లచ్డ్ ద లెసన్’ అని మా పిల్లవాడు రాస్తే దిద్దాల్సిందే. కానీ ఎందుకు తప్పో వాడికి చెప్పకపోతే మళ్ళీ అదే రాస్తాడు.

మీ కథలో శాలువా విషయానికొస్తే, చలీ, ఒంటరితనం, కొంచెం బెదురు అన్నీ ఆ క్లచ్‌లో ఉన్నాయి. ‘పట్టుకుని’ అంటే సరిపోదు.

మాటలమూట

మూలాల సంగతి నేను చెప్తాను.

క్లచ్ అనే క్రియ పాత ఇంగ్లీషులోని ‘క్లుచ్చన్’ నుంచి వచ్చింది. దాని మొదటి అర్థం పట్టుకోవడం కూడా కాదు. వేళ్ళు ముడవడం, లోపలికి వంచడం. ఖాళీ చేతిని గుప్పిట చేసినా ఆ మాట సరిపోయేది. తర్వాత మధ్యయుగాల్లో గోళ్ళతో, పంజాతో తటాలున పట్టేయడం అనే అర్థం దానికి వచ్చి చేరింది. అప్పటి ఇంగ్లీషులో పంజాకు ఉన్న మాట ఒకటి దీనికి దగ్గరగా వినపడేది, అదీ దీనిమీద ప్రభావం చూపింది. ‘ఫలానావాడి క్లచెస్‌లో చిక్కాడు’ అని ఇప్పటికీ అంటారంటే అందులో ఉన్నది ఆ పంజాయే. మనం ‘వాడి గుప్పిట్లో చిక్కాడు’ అంటాం చూడండి, సరిగ్గా అది.

నల్లగొండ టీచర్ గారు చెప్పిన ఇప్పటి అర్థం, అంటే దగ్గరకు అదుముకుని వదలకుండా ఉంచుకోవడం, అన్నిటికంటే ఆలస్యంగా స్థిరపడింది. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’లో దీనికి మంచి సాక్ష్యముంది. రాజును చంపబోయే ముందు మాక్‌బెత్‌కు గాలిలో బాకు కనిపిస్తుంది. ‘రా, నిన్ను క్లచ్ చేయనీ’ అంటాడు. వెంటనే ‘నువ్వు నాకు దొరకలేదు, అయినా ఇంకా కనిపిస్తూనే ఉన్నావు’ అంటాడు. అంటే అక్కడ క్లచ్ చేయడమంటే ఇంకా చేతికి రాని దానికోసం చెయ్యి విసరడం. దాన్ని ‘అదిమిపట్టుకోనీ’ అని తెలుగు చేస్తే ఆ సన్నివేశమే దెబ్బతింటుంది. ‘అందుకోనీ’ అనాలి, లేదా ‘ఒడిసిపట్టనీ’ అనాలి.

అదే నాటకంలో క్లింగ్ కూడా ఉంది, దానికి ఇప్పుడు ఎవరూ ఊహించని అర్థంతో. చివరి అంకంలో కబురు తెచ్చినవాణ్ణి మాక్‌బెత్ బెదిరిస్తాడు, ‘నువ్వు చెప్పింది అబద్ధమైతే ఆకలి నిన్ను క్లింగ్ చేసేదాకా చెట్టుకు వేలాడదీస్తా’ అని. పాత ఇంగ్లీషులో క్లింగ్‌కు అంటుకోవడంతో పాటు ఎండి ముడుచుకుపోవడం అనే అర్థం ఉండేది. ఆకలికి డొక్క వీపుకు అంటుకుపోతుందని మనమూ అంటాం కాబట్టి ఆ రెండర్థాలు ఒకే మాటలో ఎలా ఉన్నాయో మనకు వెంటనే తెలుస్తుంది. క్లెంచ్ ఈ క్లింగ్‌కు కూతురు లాంటిది. అంటుకోవడం క్లింగ్, అంటుకునేలా చేయడం క్లెంచ్. మనకు ‘తిరుగు’కు ‘తిప్పు’ ఉన్నట్టు.

ఇక గుడ్ల సంగతి. ఆ క్లచ్‌కూ ఈ క్లచ్‌కూ చుట్టరికం లేదు. గుడ్లు పొదిగి పిల్లల్ని చేయడానికి ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో ‘క్లెక్’ అనే మాట ఉండేది. స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. దానిలోంచి ‘క్లెచ్’ అనే నామవాచకం పుట్టి, పలుకుబడిలో క్లచ్ అయింది. కాబట్టి మీ పేజీలో మొదటిదీ మూడోదీ ఒక ఇంటివి, రెండోది పొరుగింటిది.

కళింగ_తీరం

గుడ్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. సముద్రపు తాబేళ్ళ కోసం పనిచేసే మా స్వచ్ఛంద సంస్థ కుర్రాళ్ళు రోజూ వాడే మాట ఇది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తవ్వి ఒక్క విడతలో సుమారు వంద గుడ్లు పెడుతుంది. ఆ మొత్తాన్ని ఒక క్లచ్ అంటారు. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెడతారు. ఏ క్లచ్‌నీ ఇంకోదానితో కలపకూడదు, తేదీ రాసి విడిగా పెట్టాలి. అప్పుడే పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయో లెక్క తెలుస్తుంది. అలా చూస్తే ‘ఒక విడత గుడ్లు’ అన్నదే సరైన తెలుగు అనిపిస్తుంది.

ఆటోనగర్_అన్న

బండి క్లచ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను రాస్తాను. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్ళుగా ఇదే పని.

క్లచ్ అసలు స్థితి పట్టుకుని ఉండటమే. ఇది చాలామందికి తెలియదు. ఇంజను వెనక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు అదిమి ఉంచుతుంది. ఆ అదుముడు స్ప్రింగులది. ఆ రాపిడి పట్టు వల్ల ఇంజను తిరుగుడు గేరుబాక్సుకు చేరుతుంది. మనం పెడల్ తొక్కితే స్ప్రింగు వెనక్కి పోయి ప్లేటు విడిపోతుంది. కాలు తీస్తే మళ్ళీ పట్టేస్తుంది. బైకు మీద ఇంకా బాగా కనిపిస్తుంది. ఎడమ చేత్తో మీరు లివరు పట్టుకుంటే లోపల ప్లేట్లు వదిలేస్తాయి. మీరు వదిలితే అవి పట్టుకుంటాయి. మనం ‘క్లచ్ పట్టు, క్లచ్ వదులు’ అని చెప్పేది మన చేతి గురించి. ఇంగ్లీషువాడు పేరు పెట్టింది లోపల జరిగే పనికి.

బైకుల్లో నాలుగైదు ప్లేట్లో ఇంకా ఎక్కువో వరసగా ఇంజనాయిల్లో మునిగి ఉంటాయి. కార్లలో, ట్రాక్టర్లలో మామూలుగా పొడి ప్లేటు. గేర్లు లేని స్కూటర్లకు లివరే ఉండదు, కానీ లోపల క్లచ్ ఉంటుంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ అందులోని ముక్కలు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. వేగం తగ్గితే ముడుచుకుపోతాయి. పైన మూట గారు వేళ్ళు ముడవడం అన్నారు కదా, ఇక్కడ తిరగబడి ఉంది. విచ్చుకుంటే పట్టు, ముడిస్తే విడుపు.

హాఫ్ క్లచ్ మీద ఘాట్ రోడ్డు ఎక్కించేవాళ్ళు దయచేసి ఆ అలవాటు మానుకోండి. ప్లేటు పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, రాసుకుని రాసుకుని మాడిపోతుంది.

మాటలమూట

అన్నా, చాలా బాగా చెప్పారు. దానికి చేర్చాల్సింది ఒకటే. ఆ పేరు బండ్లతో పుట్టలేదు. 19వ శతాబ్దం మొదట్లోనే మిల్లుల్లో తిరిగే ఇరుసులను కలపడానికీ విడదీయడానికీ ఉండే భాగాన్ని క్లచ్ అనేవాళ్ళు. మోటారు కారు వచ్చాక ఆ పేరు దానికీ వచ్చింది.

తెనాలి_అక్షరం

ఎంత సమాచారం! అందరికీ కృతజ్ఞతలు. అయితే మొదటిదీ మూడోదీ కలిసి నడవాలన్నమాట. ఆలోచిస్తాను.

ఈలోగా ఇంకో అనుమానం. టీచర్ గారు గ్రాస్ప్ అంటే అర్థం చేసుకోవడం కూడా అన్నారు. మనం ‘గ్రహించు’ అంటాం. అందులోనూ పట్టుకోవడం ఉంది, అర్థం చేసుకోవడం ఉంది. శబ్దం కూడా దగ్గరగా ఉంది. ఇది కాకతాళీయమా?

గౌతమీ_తీరం

కాకతాళీయం కానే కాదమ్మా. గ్రాబ్, గ్రిప్, గ్రాస్ప్ మూడూ సంస్కృతంలోని ‘గ్రహ్’ ధాతువుకు బంధువులే. గ్రహ్ అంటే పట్టుకొనుట. ఎంత విస్తారమైన ధాతువో చూడండి. చెయ్యి పట్టుకుంటే పాణిగ్రహణం. సూర్యచంద్రుల్ని రాహుకేతువులు పట్టుకుంటే గ్రహణం. మనుషుల జాతకాల్ని పట్టుకునేవి గ్రహాలు. ఇంద్రియాల్ని బిగపట్టుకుంటే నిగ్రహం. దేవుడు దయతో చేరదీస్తే అనుగ్రహం. పోగుచేస్తే సంగ్రహం. దానం పుచ్చుకుంటే ప్రతిగ్రహం. నీళ్ళలో పట్టుకునే మొసలికి గ్రాహం అని పేరు, గజేంద్రమోక్షం కథలో ఏనుగు కాలు పట్టిన ఆ మొసలే.

మాటలమూట

గౌతమీ గారూ, గ్రాబ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. గ్రిప్ విషయంలో ఒప్పుకోలేను. శబ్దం దగ్గరగా ఉంటే చాలదు, మార్పు ఒక క్రమంలో జరిగిందని చూపగలగాలి.

సంస్కృతంలో భ ఉన్నచోట ఇంగ్లీషులో బ వస్తుంది. భ్రాతృ, బ్రదర్. భ్రూ, బ్రౌ. భరించడంలోని భృ ధాతువు, ఇంగ్లీషు బేర్. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా రాసిన మార్పుల్లో ఇదొకటి. ఇప్పుడు గ్రాబ్ చూడండి. చివర బ ఉంది. దానికి సంస్కృతంలో భ ఉండాలి. మనకు తెలిసిన రూపం గ్రహ్, చివర హ ఉంది. కానీ వేదభాషలో దీని పాత రూపం ‘గ్రభ్’. తర్వాతి కాలంలో ఆ భ కాస్తా హ అయింది. అందుకే గ్రాబ్‌నూ గ్రభ్‌నూ నిఘంటుకారులు మామూలుగా ఒక మూలం కింద పెడతారు. గ్రాబ్ ఇంగ్లీషులోకి పాత డచ్చి, ఉత్తర జర్మనీ పలుకుబడుల నుంచి 16వ శతాబ్దంలో వచ్చిందనుకోండి, అయినా వంశం అదే.

గ్రిప్ చివర ప ఉంది. ఇంగ్లీషు ప వెనక మూలంలో ఉండేది బ, భ కాదు. లోపలి అచ్చు కూడా కలవదు. జర్మన్‌లో గ్రైఫెన్, దానికి చుట్టమైన గోతిక్ అనే పాత భాషలో గ్రీపన్, పాత ఇంగ్లీషులోనూ గ్రీపన్. ఇవన్నీ ఒక జట్టు. చీకట్లో తడుముకోవడానికి వాడే గ్రోప్ కూడా ఈ జట్టులోదే. గ్రాస్ప్‌ని కొందరు ఈ జట్టులోనూ కొందరు గ్రాబ్ జట్టులోనూ పెడతారు. అందులో ప, స చోటు మార్చుకున్నాయి, ముందు ‘గ్రాప్స్’ లాంటి రూపం ఉండేది.

గౌతమీ_తీరం

మీ తర్కం బాగుంది. గ్రిప్‌ని పక్కన పెట్టినా నాకు లోటు లేదు, ఎందుకంటే ఆ ‘గ్రభ్’ రూపం పుస్తకాల్లో ఎండిపోయిన మాట కాదు. ఇవాళ కూడా తెలుగు పెళ్ళిళ్ళలో వినిపిస్తోంది. మా ఇంట్లో మూడు తరాలుగా పౌరోహిత్యం, కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

పాణిగ్రహణ సమయంలో వరుడు వధువు చెయ్యి పట్టుకుని చెప్పే మంత్రం ‘గృభ్ణామి తే’ అని మొదలవుతుంది. ఋగ్వేదం పదో మండలం, ఎనభై అయిదో సూక్తంలో ‘గృభ్ణామి తే సౌభగత్వాయ హస్తం’ అని ఉంటుంది. సౌభాగ్యం కోసం నీ చెయ్యి పట్టుకుంటున్నాను అని. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సంప్రదాయంలో ‘గృభ్ణామి తే సుప్రజాస్త్వాయ హస్తం’ అంటారు, మంచి సంతానం కోసం అని. రెండిటిలోనూ ఉన్నది హ కాదు, భ. కర్మకు పెట్టిన పేరు పాణిగ్రహణం, హ తో. ఆ కర్మలో చెప్పే మాట గృభ్ణామి, భ తో. కొత్త రూపం, పాత రూపం ఒకే పీట మీద పక్కపక్కన కూర్చున్నాయి. బ్యాండుమేళం హోరులో ఈ మంత్రం ఎవరికీ వినపడదు. ఈసారి పెళ్ళికి వెళ్తే కాస్త దగ్గరగా నిలబడి వినండి.

నల్లగొండ_టీచర్

గౌతమీ గారూ, ఇది రేపు క్లాసులో చెప్తాను. నాకు ఇంకో మాట గుర్తొచ్చింది. సత్యాగ్రహం! పిల్లలు ‘సత్యం కోసం కోపం తెచ్చుకోవడం’ అని రాస్తుంటారు. వాళ్ళ తప్పు కూడా కాదు, తెలుగులో ఆగ్రహం అంటే కోపమే కదా.

గౌతమీ_తీరం

అవునమ్మా. సంస్కృతంలో ఆగ్రహం అంటే గట్టిగా పట్టుకోవడం, పట్టుపట్టడం. తెలుగులో అది కోపంగా మారింది. హిందీలో, గుజరాతీలో ఇప్పటికీ ‘పట్టుబట్టి అడగడం’ అనే అర్థమే. దక్షిణాఫ్రికాలో గాంధీజీ తన ఉద్యమానికి ప్యాసివ్ రెసిస్టెన్స్ అనే పేరు నచ్చక, ఇండియన్ ఒపీనియన్ పత్రికలో కొత్త పేరు సూచించమని పోటీ పెట్టారు. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అని పంపారు. గాంధీజీ దాన్ని సత్యాగ్రహంగా మార్చారు. సత్యాన్ని వదలకుండా పట్టుకోవడం అని దాని భావం. కొన్ని ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పుడు గ్రాబ్ ఉన్న మూలం కిందే సత్యాగ్రహ కూడా కనిపిస్తుంది. లాక్కోవడానికి వాడే మాటా, లాఠీ దెబ్బ తగిలినా సత్యాన్ని వదలకపోవడానికి పెట్టిన పేరూ ఒకే ధాతువులోంచి వచ్చాయి.

చెన్నై_తెలుగు

సంస్కృతం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం, మన సొంత ‘పట్టు’ను మరిచిపోయాం. గ్రహ్ వెళ్ళిన దారులన్నీ ఇది కూడా నడిచింది. చేత్తో పట్టు. ‘సబ్జెక్టు మీద పట్టు’, అది జ్ఞానం. పట్టుదల, అది నిగ్రహానికి దగ్గర. గ్రహణం పట్టింది, దయ్యం పట్టింది. పనికి బాగా అలవాటుపడితే పట్టుబడింది అంటాం, దొంగ దొరికినా పట్టుబడ్డాడనే అంటాం. వదలనివాడిది ఉడుంపట్టు, మొండివాడిది మంకుపట్టు.

తమిళంలో దీని తోబుట్టువు ‘పఱ్ఱు’. ప్రేమతో, మమకారంతో అంటిపెట్టుకోవడానికి కూడా ఆ మాటే వాడతారు. పిడి, పిడికిలి కూడా అంతే. తమిళంలో ‘పిడి’ అంటే పట్టుకో అనే క్రియ. కన్నడంలో ‘హిడి’. తెలుగులో క్రియ పోయి కత్తిపిడి, పిడికిలి మిగిలాయి.

మూట గారు గుడ్ల క్లచ్ వేరు, పట్టుకునే క్లచ్ వేరు అన్నారు. మనకూ అలాంటి జంట ఉంది. పట్టుకోవడంలోని పట్టు వేరు, పట్టుచీరలోని పట్టు వేరు. తెలుగు మాత్రమే చూస్తే ఇది ఎప్పటికీ తేలదు. తమిళంలో పట్టుకోవడాన్ని బండి ఱ తో, పట్టుబట్టను ట తో రాస్తారు. అక్కడ విడివిడిగా ఉన్న రెండు మాటలు తెలుగులో ఒకేలా అయిపోయాయి. పట్టుపురుగు దారాన్ని పట్టుకుంటుంది కాబట్టి పట్టు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మందుల_షాపు

గ్రిప్ గురించి ఒక మాట చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం. మన ఇళ్ళలో ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ‘గ్రైప్ వాటర్’. అందులో గ్రైప్ ఏమిటని ఎవరూ అడగరు.

పైన చెప్పిన పాత ఇంగ్లీషు గ్రీపన్‌లో దీర్ఘం ఉంది. కొన్ని శతాబ్దాల క్రితం ఇంగ్లీషులో దీర్ఘాలన్నీ మారిపోయినప్పుడు ఆ ‘గ్రీ’ కాస్తా ‘గ్రై’ అయింది. హ్రస్వం ఉన్న రూపం గ్రిప్‌గా నిలిచింది. గ్రైప్ అంటే కడుపును ఎవరో పట్టి మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి చంటిపిల్లల కోసం ఈ నీళ్ళు తయారుచేశాడు. సోయకూర గింజల నూనె, వంటసోడా, చక్కెర, వీటితోపాటు కొంత ఆల్కహాల్ కూడా అందులో ఉండేది. ఇప్పటి సీసాల్లో ఆల్కహాల్ లేదు. అయినా ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ అక్కర్లేదని డాక్టర్లు చెబుతారు. అడగడానికి వచ్చిన ప్రతి అమ్మకూ నేను ఇదే చెబుతాను.

మనం కూడా ‘నడుం పట్టేసింది, మెడ పట్టేసింది’ అంటాం కదా. ఫ్లూ జ్వరానికి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు ‘గ్రిప్’. పట్టేసేది అని. మనం ‘పడిశం పట్టింది’ అంటాం.

డాలస్_నుంచి

మా అబ్బాయి వీడియో గేము ఆడుతూ ‘క్లచ్!’ అని అరుస్తుంటాడు. జట్టులో అందరూ పోయి ఒక్కడే మిగిలి, నలుగుర్ని ఓడించి ఆట గెలిస్తే అది క్లచ్ అట. హైదరాబాదులో మా మేనల్లుళ్ళు కూడా ‘వాడు క్లచ్ కొట్టాడు’ అంటున్నారు. ఇదీ ఆ మాటేనా?

మాటలమూట

ఆ మాటే. అమెరికా బేస్‌బాల్ నుంచి వచ్చింది. 1920ల నుంచీ ఆట చివర్లో గెలుపోటములు తేలే బిగువైన ఘట్టాన్ని క్లచ్ అంటున్నారు. ఆ సమయంలో చేతులు వణకకుండా ఆడేవాడు క్లచ్ ప్లేయర్. బాస్కెట్‌బాల్ మీదుగా వీడియో గేములకు చేరింది. అంటే క్రియగా మొదలై, పంజాగా మారి, యంత్రమై, చివరికి ఒక సమయానికి పేరైంది. మనకు ‘బిగి’ అన్న మాట ఇలాగే పనిచేస్తుంది. ముడి బిగువుగా ఉంటుంది, కథ బిగువుగా నడుస్తుంది.

క్ల అనే శబ్దంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటల్లో అతుక్కోవడం, పట్టుకోవడం ఎంత తరచుగా వస్తాయో గమనించండి. క్లాస్ప్, క్లాంప్, క్లా, క్లాట్, క్లే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది క్లిప్. పాత ఇంగ్లీషులో ‘క్లిప్పన్’ అంటే కౌగిలించుకోవడం! కాగితాల క్లిప్పూ ఆడపిల్లల తలక్లిప్పూ ఆ కౌగిలిలోంచి వచ్చినవే. కత్తిరించడానికి వాడే క్లిప్ వేరే మాట, అది పాత నార్స్ అనే స్కాండినేవియా భాషది. క్లీవ్ కూడా అంతే, అంటిపెట్టుకోవడానికీ క్లీవే, చీల్చడానికీ క్లీవే, వేర్వేరు మూలాల నుంచి వచ్చి ఒకేలా అయిపోయాయి.

తెనాలి_అక్షరం

మీ అందరి పుణ్యమా అని ఆ పేజీ పూర్తయింది. ఇలా రాశాను, చూడండి.

‘ముసలామె శాలువాను రెండు చేతులా గుండెలకు అదిమి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.’

‘గంప కింద కోడి ఒక విడత గుడ్లు పొదుగుతోంది.’

‘ఈ దిక్కుమాలిన క్లచ్ పట్టట్లేదే అమ్మా, అన్నాడు కొడుకు ట్రాక్టరు దిగుతూ.’

మొదటి దాంట్లో ‘పట్టుకుని’, మూడో దాంట్లో ‘పట్టట్లేదు’ పెట్టాను. మధ్యలో గుడ్లకు వేరే మాటే వాడాను, వాటి మూలం వేరు కాబట్టి. అన్నా, ‘క్లచ్ జారిపోతోంది’ అనే ఇంగ్లీషుకు ‘క్లచ్ పట్టట్లేదు’ అంటే సరిపోతుందా? మీ దగ్గర అలా అంటారా?

ఆటోనగర్_అన్న

అంటామమ్మా. కాకపోతే ‘క్లచ్ పట్టట్లేదు’ అంటే పెడల్ పని చేయట్లేదేమో అనుకునేవాళ్ళు ఉంటారు. ‘ప్లేటు పట్టట్లేదు’ అంటే ఏ మెకానిక్కయినా వెంటనే అర్థమవుతుంది. ఇంజను రైజింగ్ వస్తుంది, బండి మాత్రం లాగదు.

నల్లగొండ_టీచర్

మొదటి వాక్యంలో ‘రెండు చేతులా’ తీసేయండి. ‘అదిమి పట్టుకుని’లో అది ఉంది. ‘గుండెలకు’ మాత్రం ఉంచండి.

తెనాలి_అక్షరం

రెండూ మార్చాను. కొడుకు ఇప్పుడు ‘ప్లేటు పట్టట్లేదే అమ్మా’ అంటున్నాడు. తర్వాతి పేజీలో ‘గ్రాస్పింగ్ ఎట్ స్ట్రాస్’ ఉంది. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకోవడం మనకూ ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదనుకుంటున్నాను.

మాటలమూట

ఇబ్బంది లేదు. బ్రిటన్‌లో దాన్నే క్లచింగ్ అంటారు. పాత సామెతలో అయితే గ్రాస్ప్ కాదు, క్లచ్ కాదు, ‘క్యాచ్’ ఉండేది. మీరు ‘గడ్డిపోచ పట్టుకున్నట్టు’ అని రాసేయండి, ఈ మూడిటికీ సరిపోతుంది.